గచ్చు మూయుటకు ముందు: కోరాపుట్, రాయగడ పురపాలక సంఘములకు ఒక బహిరంగ లేఖ

కోరాపుట్, జయపురము, సునాబెడ, రాయగడ, గుణుపురము పురపాలక సంఘముల యొక్కయు, కోట్‌పాడ్, గుడారి నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ళ (ఎన్.ఎ.సి.ల) యొక్కయు అధ్యక్షులకు, సభ్యులకు, కార్యనిర్వహణాధికారులకు

మహాశయులారా,

పట్టణ పాలకులకు పౌరులు వ్రాయు విజ్ఞాపనములలో రహదారుల గోతులును, వెలుగని వీథిదీపములును, రాని కుళాయినీరును తఱచుగా కానవచ్చును గాని, మరుగుదొడ్డి గచ్చు క్రింద, పింగాణీ పీఠమునకును నాలుగంగుళముల గొట్టపు నోటికిని నడుమ నుండెడి యొక అతుకును గుఱించి వ్రాయుట అరుదు. అరుదగుటకు కారణము స్పష్టము. ఆ అతుకు కంటికి గోచరించునది గచ్చు త్రవ్వి మఱల మూయునంత స్వల్పకాలము మాత్రమే. మూసిన పిమ్మట దాని గుణదోషములు ఏండ్ల తరబడి ఆ యింటివారికిని, ఇరుగుపొరుగువారికిని, వీథికాలువకును, ఊరి నూతులకును సంక్రమించుచునే యుండును. యజమాని ధనమును మేస్త్రి శ్రమయు కలిసి కప్పివేసిన ఆ రెండడుగుల చోటు నిజమునకు ఊరందఱి యారోగ్యమునకు సంబంధించినది గావున, దానిని మూయుటకు ముందు ఒక్కమాఱు నీరు నింపి చూచు నియమమును మీ పట్టణములయందు నెలకొల్పుడని ప్రార్థించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

ఈ విన్నపమును తెలుగున వ్రాయుటకు నాకు సంకోచము లేదు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి కోరాపుట్ ప్రత్యేక జిల్లాగా అవతరించువఱకు, జయపుర సంస్థానమనబడిన ఈ సీమ విశాఖపట్టణ మండలములోని భాగమై యుండెను. రాయగడ 1992వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కోరాపుట్ నుండి వేఱుపడి తానొక జిల్లా యయ్యెను. జయపురాధీశ్వరుడగు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూప్యములు సమర్పించిన వదాన్యుడు. రాజ్యసీమలు మాఱినను రాకపోకలు మాఱలేదు: పార్వతీపురముతోను, బొబ్బిలితోను, సాలూరుతోను మాకు వియ్యములున్నవి, వ్యాపారములున్నవి, రాయగడ, గుణుపురముల అంగళ్ళలో ఒడియాతోపాటు తెలుగును వినబడుచునే యున్నది, తాపీపని చేయువారిలోను, గొట్టములు బిగించువారిలోను తెలుగు మాటలాడువారు పెక్కుమంది కలరు. వారు వాడు మాటలనే వాడి వ్రాసినచో మీకును వారికిని మధ్య దుబాసీతో పనిలేకుండునని నా నమ్మకము.

ఇప్పుడు మన పట్టణములలో పాత యిండ్లకు క్రొత్తరూపు దిద్దు పని విరివిగా సాగుచున్నది. వయసు మీఱిన తలిదండ్రులు మోకాళ్ళు వంచి కూర్చుండజాలక బాధపడుచుండగా చూడలేక బిడ్డలు పాత పాన్‌ను తీసివేయించి కమోడ్ పెట్టించుచున్నారు. గరుకుగచ్చు పాచిపట్టి జారుచున్నదని టైల్స్ పరపించుచున్నారు. పెండ్లి కుదిరిన యింట చుట్టములు వచ్చులోపల స్నానాలగది ముఖము మార్పించుచున్నారు. ఈ కోరికలన్నియు న్యాయమైనవే. కాని అంగడికి పోయిన గృహస్థుడు టైల్స్ రంగు నెంచుటకు పూటంతయు వెచ్చించి, కుళాయి మెఱుగును వ్రేళ్ళతో తడవి చూచి, పీఠము వెల బేరమాడి, గచ్చు క్రిందికి పోవు గొట్టమును, దాని వంపును, అతుకును, రబ్బరు చుట్టును మాత్రము "మేస్త్రి చూచుకొనునులే" యని విడిచిపెట్టుచున్నాడు. మేస్త్రియో, ఆ నాటి కూలి ఆ నాటికి ముగించుకొని మఱొక యింటికి పోవలసినవాడు. ఇతరులకు కనబడని పనికి అతనికి వేఱుగా కూలి లేదు, మెప్పును లేదు.

ఇందొక విచిత్రము గలదు. భారతదేశమందంతట ఇంజనీర్ల అంచనా పత్రములలోను, సరకుల జాబితాలలోను కూర్చుండు పీఠములలో ఒక రకమునకు 'ఒరిస్సా పాన్' అనియే పేరు. 580 మిల్లీమీటర్ల పొడవును 440 మిల్లీమీటర్ల వెడల్పును గలిగి, పాదములుంచు చోటు పీఠములోనే యిమిడియుండు ఆ రూపము కేంద్ర ప్రజాపనుల శాఖవారి ధరల పట్టికలలో ఆ పేరుతోడనే కనబడుచున్నది. అంతే కాదు, దేశమున ఏ మహానగరమునకు పోయినను గొట్టముల పనిలో ఒడిశావారు ఎదురగుదురు. వారిలో పలువురు కేంద్రపడా జిల్లా పట్టాముండాయి ప్రాంతమువారు. ఆ పట్టాముండాయిలో ఈ విద్యను నేర్పుటకు ప్రభుత్వ ప్లంబింగు విద్యాసంస్థయే వెలసినది. పీఠమునకు పేరిచ్చి, దేశమునకు పనివారినిచ్చిన రాష్ట్రములో, దక్షిణపు కొండసీమ పట్టణములకు ఆ విద్యాఫలము చాలినంతగా అందకపోవుట చింతింపదగిన విషయము.

మరుగుదొడ్డి మర్మమంతయు ఒక వంపులో నున్నది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అను స్కాట్లండు దేశపు గడియారముల నిర్మాత, పీఠము క్రింది గొట్టమును వంచి, ఆ వంపులో సర్వదా కొంత నీరు నిలుచునట్లు కల్పించి, దానికి ఇంగ్లండులో పేటెంటు పొందెను. ఆ నిలిచిన నీరే యింటికిని మురుగునకును నడుమ నుండు తలుపు: మలినమును క్రిందికి పోనిచ్చును, దుర్వాయువును పురుగులను మీదికి రానీయదు. మన దేశపు నిర్మాణ ప్రమాణములు ఆ నీటి లోతు 50 మిల్లీమీటర్లకు, అనగా ఇంచుమించు రెండంగుళములకు తగ్గరాదని చెప్పుచున్నవి. పి-ట్రాప్ అనినను, ఎస్-ట్రాప్ అనినను, స్నానపు నీరు పోవు నహానీ ట్రాప్ అనినను, బయట గోడప్రక్క నుండు గల్లీ ట్రాప్ అనినను, ఆకారములు వేఱుగాని అన్నిటి ధర్మము ఆ రెండంగుళముల నీటిని కాపాడుటయే. ఆ వంపును గొట్టమునకు కలుపు అతుకు కాఱినచో, పైని పాలరాయి పఱచినను ప్రయోజనము లేదు.

గచ్చు మరమ్మతులో ఈ అతుకు చెడు విధములను నేను పలు ఇండ్లలో పరికించితిని. వానిని మీ దృష్టికి తెచ్చుట అవసరము. మొదటిది మట్టపు దోషము. పాత గచ్చును పగులగొట్టుట శ్రమయని, ధూళియని, ఖర్చని తలంచి, దానిమీదనే జిగురు పూసి క్రొత్త టైల్స్ పఱచుదురు. జిగురును టైలును కలిసి గచ్చు అంగుళము వఱకు లేచును. గొట్టపు నోరు మాత్రము పాత మట్టముననే యుండిపోయి, క్రొత్త గచ్చునకు గోతిలో పడినదగును. కమోడ్ మూతి దానికి అందదు. అందని ఆ సందును గొట్టపు ముక్కతో పొడిగించి, రబ్బరు చుట్టుగల పాన్ కనెక్టరుతో కలుపవలసియుండగా, తెల్లసిమెంటును ముద్దచేసి కూరి, పైని పీఠమును అదిమి, ప్రక్కలు తుడిచి, పని ముగిసినదందురు. మనుష్యుడు కూర్చుండి లేచునపుడెల్ల పీఠము వెంట్రుకవాసి కదలును. బిరుసైన సిమెంటునకు ఆ కదలికను ఓర్చు గుణము లేదు గావున అది బీటవాఱును. నాటినుండి ప్రతి పర్యాయమును కొన్ని చుక్కలు గచ్చు క్రిందికి దిగుచునే యుండును.

రెండవది దూరపు దోషము. గచ్చులోనికి దిగు ఎస్-ట్రాప్ కమోడ్‌లలో గోడకును గొట్టపు నడిబిందువునకును దూరము కొన్నిటికి తొమ్మిదంగుళములు, కొన్నిటికి పండ్రెండంగుళములు, మఱికొన్నిటికి నాలుగంగుళములే. ఆ దూరమును టైల్స్ అతికిన గోడనుండి కొలువవలెను గాని, ఇటుక గోడనుండి కాదు. గోడకు పూతయు టైలును చేరినంతనే అంగుళము తఱుగును. పీఠము కొన్న తరువాత గొట్టము వెదకుట గాక, గొట్టము కొలిచిన తరువాత పీఠము కొనవలెనని గృహస్థునకు చెప్పువారు లేక, తుదకు మేస్త్రి గొట్టమును వేడిచేసి వంచియో, మూతిని ప్రక్కకు లాగియో ఇముడ్చుచున్నాడు. వంకరగా కూర్చున్న అతుకులో చుట్టుకొలత అంతటను రబ్బరు సమముగా నొక్కబడదు.

మూడవది జాతివైరము. పాత యిండ్లలో మట్టిగొట్టములుగాని, పోతయినుప గొట్టములుగాని యున్నవి. ఇప్పుడు తెచ్చునవి పి.వి.సి. గొట్టములు. నున్నని పి.వి.సి.కి సిమెంటు పట్టుకొనదు. ఎండకు పెరిగి చలికి తఱుగు స్వభావము గల ఆ గొట్టము సిమెంటునుండి క్రమముగా విడివడును. తెలిసిన పనివాడు గొట్టపు చివర జిగురు పూసి, దానిపై పొడియిసుక చల్లి గరుకుచేసి కలుపును, లేదా రెండు జాతులను కలుపుటకే చేసిన రబ్బరు అతుకును వాడును. తెలియనివాడు ఒక దానిలో ఒకటి దూర్చి మాలు మెత్తును. పాత పీఠమును సుత్తితో పగులగొట్టునపుడు క్రిందనున్న మట్టివంపు అదిరి పగులుటయు, ఆ పగులును చూడకయే క్రొత్త పీఠమును దానిపై నిలుపుటయు తఱచుగా జరుగు ప్రమాదమే.

నాలుగవది మూత లేమి. పని సాగుచుండగా తెఱచియున్న గొట్టపు నోటిలో సిమెంటు సంచిముక్కను కుక్కుదురు. దాని ప్రక్కనుండి మాలును, ఇటుకపొడియు, టైల్స్ సందులు పూడ్చు పిండియు లోనికి జాఱి, వంపులో చేరి గడ్డకట్టును. క్రొత్త కమోడ్ మొదటినుండియే నీరు త్రాగకున్నచో, నింద పీఠము చేసిన కంపెనీమీద పడును. దోషము మాత్రము పదిరూకల మూత కొనని పిసినిగొట్టుతనమున నుండును. గొట్టమును గచ్చుకంటె ఎత్తుగా విడిచి, మూతవేసి, టైల్స్ ఆఱిన తరువాత మట్టమునకు కోసికొనుట ఎంతటి సులభమైన పనియో చూడుడు.

అయిదవది వాటపు లోపము. నాలుగంగుళముల మురుగు గొట్టమునకు నలువదడుగులకు ఒక అడుగు వాటముండవలెనని పాత ఇంజనీర్ల సూత్రము. వాటము చాలనిచో మలము నిలుచును. స్నానాలగది గచ్చునకు వాటము తప్పినచో సబ్బునీరు నహానీ ట్రాప్‌వైపు పోక పీఠపు మొదట మడుగుకట్టి, అచటి అతుకునే నానబెట్టును. నీరు త్వరగా పోవుట లేదని జాలీ తెఱచి, లోనుండు గిన్నెమూతను తీసి పాఱవేయువారును కలరు. ఆ గిన్నెమూతయే అచటి నీటితలుపు. దానిని తీసినంతనే బొద్దింకలకును దుర్గంధమునకును దారి యేర్పడును. ఆ దుర్గంధమును అగరువత్తులతో అణచుట మన యిండ్లలో నిత్యకృత్యమైనది.

ఇక మేడ యిండ్లలో స్నానాలగది క్రింద పల్లపు స్లాబు వేసి, ఆ గోతిని ఇటుక ముక్కలతో నింపి, పైని గచ్చు వేయుదురు. అతుకు కాఱిన నీరు ఆ గోతిలో కనబడకుండ నిలిచి, నెలల తరువాత క్రింది వాటా పైకప్పుపై చెమ్మగా, పెచ్చులుగా, త్రుప్పుపట్టిన ఇనుముగా ప్రత్యక్షమగును. అప్పుడు పై యింటివాడు క్రింది యింటివాని మాట నమ్మడు. క్రింది యింటివాడు పై యింటివానిని క్షమింపడు. మా వీథిలోనే ఒకరి క్రొత్త స్నానాలగది కారణముగా పొరుగువారి పూజగది గోడ చెమరించి, రెండు కుటుంబములకు పలుకులు లేకుండ బోయినవి. త్రవ్వి చూడగా బయటపడినది ఒక చిల్లర రబ్బరు చుట్టు లోపమే.

మన సీమ ప్రకృతి ఈ దోషములను ఇనుమడింపజేయును. కోరాపుట్ సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి పట్టణము. వానకాలమున ఈ కొండలపై వర్షము వారముల తరబడి విడువకుండ కురియును. నేల నానినపుడు ఇంకుడుగుంట నీటిని పీల్చుకొనజాలదు. సెప్టిక్ ట్యాంకు నిండి గొట్టములలోనికి వెనుకకు తన్నును. గట్టి అతుకులు ఆ ఒత్తిడికి నిలుచును, చెడు అతుకులు గచ్చు క్రింద విచ్చుకొనును. అంతే కాదు, నేలలోని వాననీరు ఆ చిల్లులగుండనే గొట్టములో చొచ్చి ట్యాంకును మఱింత త్వరగా నింపును. ఇట్లు నిండిన ట్యాంకుల నీటిని పలువురు నేరుగా వీథికాలువకు వదలుచున్నారు. రాయగడ మురుగు నాగావళిలో కలిసినచో అది పార్వతీపురపు సీమను దాటి శ్రీకాకుళము వఱకు పోవును. కోలాబ్ శబరియై గోదావరిని చేరును. ఎగువ పట్టణములవారి గచ్చు క్రింది అశ్రద్ధకు దిగువవారు వెల చెల్లింపవలసి వచ్చును.

నీటికిని మలమునకును నడుమ దూరము చెడినపుడు ఏమి జరుగునో ఈ రెండు జిల్లాలకు ఎవరును బోధింపనక్కఱలేదు. 2007వ సంవత్సరపు వానకాలమున రాయగడ జిల్లా కాశీపురమందును, కోరాపుట్ జిల్లా దశమంతపురమందును కలరా చెలరేగి ఎందఱనో బలిగొన్నది. 2022 జులైలో కాశీపుర ప్రాంతమున అదే గోడు మఱల వినవలసి వచ్చినది. అవి కొండపల్లెల ఊటలకును, వాగులకును సంబంధించిన విపత్తులేగాని పట్టణపు కమోడ్‌ల కథ కాదు. అయినను పాఠము ఒక్కటే. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకు ఏర్పాటు త్రాగునీటి నూతికి 18 మీటర్లకంటె దగ్గఱగా నుండరాదని భారతీయ ప్రమాణము. అట్టి దూరమును పాటించి ట్యాంకు కట్టుకొన్న గృహస్థుడు కూడ, పీఠము క్రింది అతుకు కాఱుచున్నచో, నూతి ప్రక్కనున్న స్నానాలగదినుండియే మలినమును నేలలోనికి పంపుచున్నాడు. ట్యాంకు దూరముననే యున్నది, కాని మలినము ట్యాంకు వఱకు పోవుటయే లేదు.

ఇది కేవలము బీదసీమల బాధయని తలంపరాదు. 2003లో హాంకాంగు నగరమందు ఆమాయ్ గార్డెన్స్ అను బహుళాంతస్తుల నివాసములలో సార్స్ వ్యాధి మూడువందలకు పైబడిన జనులకు సోకి, నలువదిమందికి పైగా మరణించిరి. స్నానాలగదుల గచ్చులలోని ట్రాప్‌లు వాడుక లేక నీరెండిపోవుటచేత, మురుగుగొట్టములలోని రోగకారకమగు తుంపర, గాలిని బయటకు లాగు పంకాల బలముచే ఇండ్లలోనికి ఎక్కినదని ఆ నాటి విచారణలలో తేలినది. రెండంగుళముల నీరు లోపించుట మహానగరపు ఆకాశహర్మ్యములలో మెలగువారికిని ప్రాణాంతకమైనది. మన యిండ్లలో అతిథులు వచ్చినపుడు మాత్రమే వాడు స్నానాలగదులలో వారమునకొకమాఱు చెంబెడు నీరు పోయుడని చెప్పుట కూడ ప్రజారోగ్యబోధయే యని దీనివలన తెలియుచున్నది.

ఇంతకంటె గురుతరమైన సంగతి మఱొకటి గలదు. గచ్చు క్రింది అతుకు చెడి, గొట్టము పూడి, ట్యాంకు పొంగినపుడు దానిని ఎవరు బాగుచేయుదురు? టైల్స్ ఎంచినవాడు చేయడు. పీఠము బిగించినవాడును తఱచుగా రాడు. తరతరములుగా ఈ పనిని ఏ కులములవారి నెత్తిన రుద్దినామో వారినే మఱల పిలుతుము. చేతులతో మలమెత్తు పనిని 2013 నాటి కేంద్ర శాసనము నిషేధించినది. సరియైన రక్షణ సాధనములు లేకుండ మురుగుగోతులలోనికి మనుష్యుని దింపుటయు నేరమే. ఒడిశా ప్రభుత్వము 2020లో పారిశుద్ధ్య కార్మికుల గౌరవరక్షణకై గరిమ అను పథకమును ప్రారంభించినది. శాసనమును పథకమును శ్లాఘ్యములే. కాని ప్రతి దుష్టమైన అతుకును ఒక మనుష్యుని చేయి మలములో పెట్టించు నిమంత్రణము. పని చెడిన పిదప కార్మికునికి చేతితొడుగులిచ్చుటకంటె, చెడకుండ చేసి అతని నా పనికే పిలువకుండుట మేలైన గౌరవము.

కావున మహాశయులారా, నా ప్రార్థన ఇట్లున్నది. మొదట మీ సొంత కట్టడములయందు ప్రారంభింపుడు. బస్సు నిలయములలోను, సంతలలోను, కార్యాలయములలోను మీరు కట్టించు మరుగుదొడ్లకు, గచ్చు మూయకముందు జలపరీక్ష జరిగినట్లు సంతకముతోడి పత్రమును, కొలబద్ద ప్రక్కనుంచి తీసిన ఛాయాచిత్రమును లేనిదే కంట్రాక్టరుకు బిల్లు చెల్లింపమని నియమము చేయుడు. ఈ రెండు జిల్లాలలో ఆదివాసీ బాలబాలికలు చదువుకొను ఆశ్రమ పాఠశాలలును వసతిగృహములును పెక్కులున్నవి. వందలమంది పిల్లలు వాడు ఆ మరుగుదొడ్లకు ఇదే నియమమును వర్తింపజేయుడని సంబంధిత శాఖను మీరు కోరవలెను. మీ ధనముతో మీరు చేయించుకొను పనికి మీరు షరతు పెట్టుటకు ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు.

పరీక్ష కష్టమైనది కాదు. బయటి చాంబరు వద్ద గొట్టమును రబ్బరు బిరడాతో మూసి, గచ్చు వద్ద నోటివఱకు నీరు నింపి, మట్టమును సుద్దతో గుర్తించి ఒక రాత్రి విడువవలెను. తెల్లవాఱి మట్టము తగ్గినచో ఎచటనో కాఱుచున్నదని గ్రహింపవలెను. ఆ పిమ్మట గది గుమ్మమునకు అడ్డకట్ట కట్టి, టైల్స్ వేయుటకు ముందే గచ్చుపై నీరు నిలిపి, క్రింది గోడలను పరిశీలింపవలెను. పీఠమును నిలిపిన తరువాత నీటిలో బట్టల నీలిమందు కలిపి పోసి, దాని అడుగున నీలపు చెమ్మ తేలునేమో చూడవలెను. దీనికి కావలసినవి ఒక బిరడా, ఒక సుద్దముక్క, కొన్ని బిందెల నీరు, ఒక రాత్రి ఓపిక.

రెండవ ప్రార్థన ఇండ్లను గుఱించినది. క్రొత్త గృహములకు ప్లాను మంజూరు చేయునపుడు ఈ జలపరీక్షను ఒక షరతుగా చేర్పుడు. పాత యిండ్ల మరమ్మతులకు మాత్రము అనుమతులును, రుసుములును, తనిఖీదారులును వలదు. పరీక్ష పేరిట ఇంటింటికి ఒక చేయి చాచువాని పంపుట రోగముకంటె చెడ్డ మందగును. గృహస్థుడే పరీక్ష జరిపి, గచ్చు తెఱచియుండగా ఛాయాచిత్రము తీసి దాచుకొనుటకు ఒక పుట పత్రమును ముద్రించి పంచుడు. ఏ గొట్టము ఎచట నున్నదో ఆ చిత్రము చూపును గావున, పదేండ్ల తరువాత మరమ్మతు వచ్చినపుడు గది యంతయు త్రవ్వవలసిన పని యుండదు. ఆ పత్రమును ఒడియాలోను, తెలుగులోను, చదువురానివారికై బొమ్మలతోను అచ్చువేయించి, శానిటరీ సామానులును టైల్సును అమ్ము ప్రతి దుకాణమునందును వ్రేలాడదీయింపుడు. కొనువాడు డబ్బు తీయు చోటనే ఆ మాట కంటబడవలెను.

మూడవది శిక్షణ. మన తాపీమేస్త్రీలు బుద్ధిమంతులు. గోడ నిలువును, గచ్చు మట్టమును వారు చూచు నేర్పునకు సాటిలేదు. వారికి కొఱవడినది పీఠములు, ట్రాప్‌లు, కనెక్టర్లు ఏటేట మాఱుచుండగా ఆ మార్పులను నేర్పువారు మాత్రమే. పట్టాముండాయి విద్యాసంస్థనుండి నేర్పరులను పిలిపించి, స్థానిక ఐ.టి.ఐ.ల యందు, పని తక్కువగా నుండు వానకాలమున, కూలి నష్టము కలుగకుండ రోజుభత్యమిచ్చి, చిన్న తరగతులు నడిపింపుడు. నేర్చినవారి పేర్లను పురపాలక కార్యాలయపు పలకపై వ్రాయింపుడు. కనబడని పనికి మెప్పు లేదని పైని చెప్పితిని. ఆ పలకయే వారికి దక్కు మెప్పు.

దీనికి వచ్చు ఆక్షేపణలను నే నెఱుగుదును. ఇంటిలోని మరుగుదొడ్డి సొంత వ్యవహారము గదా, పురపాలకులకు దానితో నేమి యందురు. గచ్చు పై భాగము సొంతమే. రంగు ఏదైనను, పీఠము ఏ వెలదైనను అడుగు హక్కు ఎవరికిని లేదు. గచ్చు క్రిందినుండి పోవునది మాత్రము ఊరి నేలలోనికి, ఊరి కాలువలోనికి పోవుచున్నది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణముచే చేరిన పన్నెండవ షెడ్యూలు ప్రజారోగ్యమును, పారిశుద్ధ్యమును పురపాలక సంఘముల పనులలో పేర్కొనుచున్నది. మఱొక ఆక్షేపణ ఖర్చు. జలపరీక్షకు పట్టునది ఒక రాత్రి. చెడిన గచ్చును మఱల త్రవ్వుటకు పట్టునది టైల్స్ వెల, కూలి, పీఠము పగిలినచో దాని వెల, ఇరుగుపొరుగుల తగవు. ఏది చౌకయో చెప్పుటకు గణితము అక్కఱలేదు.

2014లో ప్రారంభమైన స్వచ్ఛభారత్ ఉద్యమము మరుగుదొడ్డి యుండవలెనను మాటను ఇంటింటికి చేర్చినది. ఇక రెండవ మాట, అది కాఱకుండ నుండవలెనను మాట, మిగిలియున్నది. ఎన్ని కట్టితిమను లెక్కను ప్రభుత్వములు చెప్పగలవు. ఎన్ని సరిగా కట్టితిమను లెక్క మాత్రము పట్టణ సంఘములే, వీథివీథిని ఎఱిగిన మీరే, చెప్పగలరు.

రాబోవు వానకాలమునకు ముందుగనే, మీ సభలలో ఒక్కొక్క తీర్మానము చేసి, మీ సొంత కట్టడములకు జలపరీక్షా నియమమును అమలుచేయుడు. గచ్చు మూయుటకు ముందు చూడని పనికి డబ్బు చెల్లింపమని కంట్రాక్టరుతో మీరు చెప్పిననాడు, మేస్త్రితో గృహస్థుడును అదే మాట చెప్ప నేర్చుకొనును. ఈ లేఖ చదువు గృహస్థులకు నేను విన్నవించునదియు ఇదియే: మీ యింట గచ్చు త్రవ్విన దినమున మేస్త్రి ప్రక్కన నిలువుడు, గొట్టమునకు మూత పెట్టించుడు, నీరు నింపి ఒక రాత్రి ఆగుడు, పిదప మూయించుడు.

ఇట్లు,
తమ విధేయుడు,
రాయగడ పట్టణవాసియగు ఒక తెలుగు గృహస్థుడు